గన్ తంతోందా చెల్లీ, ముందు ఆ మచ్చ ఎక్కడుందో చూడు

ప్రశ్న: అన్నా, షూటింగ్ మొదలుపెట్టి నాలుగు నెలలైంది. సన్నగా ఉంటాను కదా, తేలికైన గన్ అయితే బాగుంటుందని మా బాబాయి తన 20 బోర్ డబుల్ బ్యారెల్ షాట్‌గన్ ఇచ్చాడు, 28 గ్రాముల గుళ్లున్న కార్ట్రిడ్జ్‌లు వాడుతున్నాం. పాతిక కాల్చేసరికి కుడి జబ్బ మీద అరచేయంత మేర నల్లగా కమిలిపోతోంది, చెంప కూడా వాస్తోంది. పోయిన వారం థర్టీ ఆట్ సిక్స్ రైఫిల్ బెంచ్ మీద పెట్టి కాల్పించారు. మూడో రౌండ్‌కే కళ్లు వాటంతటవే మూసుకుపోయాయి, నాలుగోది పేపర్‌కే తగల్లేదు. అందరూ అలవాటైపోతుంది ఓర్చుకో అంటున్నారు. నిజంగా అలవాటవుతుందా, లేక ఇది నాకు పడని ఆటా?

జవాబు:

చెల్లీ, అలవాటవదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా ఎందుకంటే నీకు ఓర్చుకో అని చెప్పినవాళ్లలో సగం మందికి ఫ్లించ్, అంటే పేలకముందే ఉలిక్కిపడే జబ్బు, ఉండే ఉంటుంది, కాకపోతే బయటికి చెప్పరు. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు పక్కవాడి భుజం గురించి ధైర్యం చెప్పడం చాలా ఈజీ. కమిలిన చోటే మళ్లీ మళ్లీ కాలిస్తే అలవాటయ్యేది నొప్పి కాదు, భయం. ఒకసారి అది అలవాటైందంటే వదిలించుకోడానికి నెలలు పడుతుంది, నాకు ఒక సీజన్ మొత్తం పోయింది, ఆ కథ కింద చెప్తా.

ముందు లెక్క చూద్దాం, భయపడకు చిన్నదే. గన్ ముందుకి ఎంత బరువుని ఎంత స్పీడుగా తోస్తుందో అంతే ఊపు దానికి వెనక్కి వస్తుంది, దీన్ని ఎవరూ మార్చలేరు. కానీ ఆ ఊపు గన్‌ని ఎంత స్పీడుగా వెనక్కి తెస్తుందనేది గన్ బరువు మీద ఉంటుంది. 28 గ్రాముల గుళ్లు సెకనుకి 370 మీటర్లకి దగ్గరగా వెళ్లే మామూలు కార్ట్రిడ్జ్ తీసుకో, దాన్ని మూడున్నర కిలోల 12 బోర్‌లో (నీ 20 బోర్ కంటే గొట్టం లావుది) కాలిస్తే వెనక్కొచ్చే ఎనర్జీ సుమారు 20 జౌల్స్. అదే 28 గ్రాములు 2.7 కిలోల గన్‌లో కాలిస్తే 26, 27 దాకా పోతుంది. నీ 20 బోర్ బరువు నువ్వు రాయలేదు గానీ తేలికది అన్నావు కాబట్టి ఆ చుట్టుపక్కలే ఉంటుంది అనుకుంటున్నా. ఇప్పుడు విను, నిన్ను హడలగొట్టిన ఆ థర్టీ ఆట్ సిక్స్ ఉంది చూడు, 3.6 కిలోల రైఫిల్‌లో 9.7 గ్రాముల బుల్లెట్‌తో అది కూడా దాదాపు 27 జౌల్సే. అంటే నీకు తేలిగ్గా ఉంటుందని ప్రేమతో ఇచ్చిన గన్‌తో నువ్వు ప్రతివారం పెద్ద రైఫిల్ దెబ్బలు పాతిక తింటున్నావన్నమాట. బాబాయిని ఏమనకు పాపం, ఈ పొరపాటు అందరూ చేస్తారు, ఆడపిల్లలకి, చిన్నపిల్లలకి వెతికి వెతికి తేలికైన గన్ ఇస్తారు, మోయడానికి హాయి, కాల్చడానికి నరకం. గొట్టం సన్నదైతే తన్నుడు చిన్నదవదు, లోపల ఎన్ని గ్రాములున్నాయి, బయట ఎన్ని కిలోలుంది, చూడాల్సింది ఈ రెండే.

గ్రీనర్ అని 19వ శతాబ్దంలో పేరుపడ్డ ఇంగ్లిష్ గన్‌మేకర్ ఉండేవాడు, ఆయన పేరు మీద ఇప్పటికీ ఒక లెక్క చెప్పుకుంటారు, గుళ్ల బరువుకి 96 రెట్లు గన్ బరువు ఉండాలని. 28 గ్రాములకి ఆ లెక్కన 2.7 కిలోలు వస్తుంది, అంటే నీది సరిగ్గా అంచు మీద ఉంది. నా మటుకు నేను దాన్ని కనీసం అనే అనుకుంటా, వేటలో రోజు మొత్తం మీద నాలుగైదు షాట్లు కొట్టేవాడికి అది చాలు, మట్టి బిళ్లల్ని గాల్లోకి విసిరి వరసగా పాతిక కాల్చే క్లే షూటింగ్‌కి ఇంకో అర కిలో పైన ఉంటేనే భుజం బతికేది.

కాబట్టి గన్ మార్చేలోపు చెయ్యాల్సిన మొదటి పని కార్ట్రిడ్జ్ మార్చడం, దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. 20 బోర్‌లో 24 గ్రాములవి, 21 గ్రాములవి కూడా వస్తాయి. అదే స్పీడులో 24కి దిగితే నీ గన్‌లో ఎనర్జీ 20 జౌల్స్‌కి వచ్చేస్తుంది, 21కి దిగితే 16. అన్ని గ్రాములు తగ్గితే క్లేలు ఎలా పగుల్తాయి అంటావేమో, ఒలింపిక్స్‌లో ట్రాప్, స్కీట్ అనే క్లే ఆటల్లో ఎంత మొనగాడైనా వాడేది 24 గ్రాములే, రూలే అది. వాళ్లు క్వాలిఫికేషన్‌లో 125 క్లేలు కొట్టాలి, ట్రాప్‌లో ఒక్కో క్లేకి రెండు షాట్లు కూడా వాడుకోవచ్చు, అంత కాల్చేవాళ్లకే 24 చాలినప్పుడు నేర్చుకునేవాళ్లకి 28 ఎందుకో నాకైతే అర్థం కాదు. బాక్స్ మీద స్పీడు కూడా చూడు, హై వెలాసిటీ అని పెద్దక్షరాలతో ఉంటే పక్కన పెట్టెయ్.

ఇక నీ మచ్చల సంగతి. నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే, ఎక్కడ కమిలిందో సరిగ్గా రాశావు. మచ్చ ఉన్న చోటుని బట్టి తప్పు ఎక్కడుందో చాలావరకు చెప్పెయ్యొచ్చు. జబ్బ మీద కమిలిందంటే బట్, అంటే గన్ వెనక చివర, భుజం గుంటలో కూర్చోవట్లేదు, బయటికి జారి చేతి కండ మీద ఆనుతోంది. కాలర్ బోన్ కింద, చంకకి పైన మెత్తటి గుంట ఒకటుంటుంది, కుడి మోచెయ్యి కాస్త పైకెత్తితే అది తెరుచుకున్నట్టు చేతికి తెలుస్తుంది, బట్ ఉండాల్సింది అక్కడ. మరి నీకెందుకు జారుతోంది అంటే దాదాపు ఖాయంగా స్టాక్, అంటే గన్ వెనకున్న చెక్క, పొడుగెక్కువై. గన్ బాబాయిది, బాబాయి చేతులు పొడుగు. పొడుగు స్టాక్ పైకెత్తేటప్పుడు చంక దగ్గర చొక్కాకి తట్టుకుంటుంది, తట్టుకోకూడదని మనకి తెలీకుండానే పక్కకి తిప్పి జబ్బ మీద పెట్టేస్తాం, పైగా బరువు ముందుకి లాగుతుంటే నడుము వెనక్కి వంచుతాం, అలా వంగి నిలబడిన మనిషిని చిన్నపిల్లాడు వేలితో తోసినా వెనక్కి పడిపోతుంది.

చెంప వాపు కూడా ఆ గొలుసులోదే. పాత డబుల్ బ్యారెల్‌ల స్టాక్ పైభాగం ముందు ఎత్తుగా ఉండి వెనక్కి పోయేకొద్దీ కిందకి వాలుగా ఉంటుంది చూశావా, దాన్ని కోంబ్ అంటారు. పొడుగు స్టాక్ మీద నువ్వు మెడ సాచి ముందుకి పాకి చెంప పెడుతున్నావు. గన్ వెనక్కి వచ్చినప్పుడు ముందున్న ఎత్తు భాగం నీ చెంప కిందకి జరుగుతుంది, అంటే చెక్క జారుతూ పైకి లేచి దవడకి తగుల్తోందన్నమాట. దానికి తోడు నొప్పికి భయపడి చెంప పూర్తిగా ఆనించకుండా వెంట్రుకంత సందు వదిలావనుకో, ఇక తాకడం ఉండదు, చెంపదెబ్బే. గట్టిగా ఆనించిన చెంపకి తోపు వస్తుంది, సందు వదిలిన చెంపకి గుద్దు వస్తుంది, భుజానికీ ఇదే సూత్రం. బట్‌కీ భుజానికీ మధ్య వేలెడు జాగా ఉంటే గన్ ఆ వేలెడు దూరం పరిగెత్తుకొచ్చి కొడుతుంది, జాగా లేకపోతే నీ ఒంటి బరువు కూడా గన్ బరువుతో కలిసి ఒకటిగా కదులుతుంది. అలాగని బిగదీసి పట్టుకోమని కాదు, చేతులు వణికేంత బిగిస్తే రెండో షాట్‌కే అలిసిపోతావు, ముందు చేత్తో నెమ్మదిగా వెనక్కి లాగి ఉంచితే చాలు.

పొడుగు సరిపోయిందా లేదా అని మోచేతి మడతలో బట్ పెట్టి చూస్తారు కొందరు, దాన్ని పెద్దగా నమ్మకు, ఒకే పొడుగు చేతులున్న ఇద్దరికి మెడ పొడుగు, భుజాల వెడల్పు వేరే ఉంటాయి. ఖాళీ గన్‌ని, ఖాళీనో కాదో రెండుసార్లు చూసుకున్నాకే, సేఫ్ వైపు పెట్టి ఎత్తి చెంప ఆనించు, పక్కన ఇంకొకరు చూడాలి, నీ ముక్కుకీ ట్రిగ్గర్ చేతి బొటనవేలికీ మధ్య రెండు వేళ్ల సందు ఉంటే బాగున్నట్టు. నాలుగు వేళ్లుంటే పొడుగు, ముక్కుకి వేలు తగులుతుంటే పొట్టి. అంగడి గన్‌లు సుమారు 36 సెంటీమీటర్ల దగ్గర వస్తాయి, ట్రిగ్గర్ నుంచి బట్ మధ్య దాకా కొలిస్తే, చిన్న ఒంటి మనుషులకి 33, 34 కూడా సరిపోతుంది. తగ్గించాలంటే ముందు ఇప్పుడు బట్‌కి ఉన్న రబ్బర్ ప్యాడ్ మందం చూడు, మందంగా ఉంటే సన్నదానికి మార్చినా ఒక సెంటీమీటర్ దొరుకుతుంది. అది చాలకపోతే గన్‌స్మిత్ చెక్క కోస్తాడు, కోసిన ముక్క దాచమని చెప్పు, బాబాయికి తిరిగిచ్చేటప్పుడు కావాలి కదా!

ఇంకోటి, దీని గురించి ఆడవాళ్లకి చెప్పడానికి మగ కోచ్‌లు మొహమాటపడతారు కాబట్టి నేనే చెప్పేస్తా. బట్ కింది కొనని టో అంటారు, మగవాళ్ల ఛాతీకి తగ్గట్టు చేసిన స్టాక్‌లో అది ఆడవాళ్లకి రొమ్ము పైభాగంలో గుచ్చుకుంటుంది, దాన్నుంచి తప్పించుకోడానికి కూడా గన్‌ని జబ్బ మీదకి జరుపుతారు. బట్ కోణం కొద్దిగా మార్చి, ఆ టోని గుండ్రంగా చేసి కాస్త బయటికి తిప్పితే సమస్య పోతుంది, గంటల పని కూడా కాదు. నీకు అలా గుచ్చుకుంటుంటే సిగ్గుపడకుండా గన్‌స్మిత్‌కి చెప్పు.

నిలబడే తీరు గురించి ఎక్కువ చెప్పను, ఎడమ కాలు కాస్త ముందు, బరువు సగం కంటే ఎక్కువ దాని మీద, మోకాలు కొంచెం సడలించి, ముక్కు కాలి బొటనవేలి పైకి వచ్చేట్టు నడుము నుంచి ముందుకి మొగ్గాలి. గన్ ముందు చెంపకి రావాలి, తర్వాత భుజం గన్‌కి ఎదురెళ్లాలి, చాలామంది ఉల్టా చేస్తారు, భుజానికి గుద్దుకుని తర్వాత తల వంచి చెంప వెతుక్కుంటారు.

రబ్బర్ ప్యాడ్‌లు పనిచేస్తాయి, బాగా పనిచేస్తాయి, ఊపు తగ్గించి కాదు, అదే ఊపుని కాస్త ఎక్కువ టైమ్‌లో ఎక్కువ మేర పరిచి. పాత మిలిటరీ రైఫిల్‌కి ఉండే ఇనప బట్ ప్లేట్‌తో ఒకసారి కాల్చిన భుజానికి ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. చొక్కా లోపల వేసుకునే ప్యాడ్‌లు కూడా ఉంటాయి, రైఫిల్ బెంచ్ పనికి అవి మంచివే, కానీ పొడుగు స్టాక్‌తో ఇప్పటికే తిప్పలు పడుతున్న మనిషి ఇంకో రెండు సెంటీమీటర్ల మందం కట్టుకుంటే మూలిగే నక్క మీద తాటికాయే. పేలిన గ్యాస్‌తో తనంతట తానే రీలోడ్ అయ్యే సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ ఎవరిదైనా దొరికితే ఒక రౌండ్ కాల్చి చూడు, మెకానిజం కదలడానికి టైమ్ తీసుకుంటుంది కాబట్టి గుద్దు బదులు తోపు వస్తుంది, అదే కార్ట్రిడ్జ్ అంటే నమ్మబుద్ధి కాదు.

రైఫిల్ దగ్గరికి వస్తే, నిన్ను మొదటిసారే థర్టీ ఆట్ సిక్స్‌తో బెంచ్ మీద కూర్చోబెట్టినవాళ్లకి దండం. నిలబడి కాల్చినప్పుడు నడుము పైభాగం గాలికి ఊగిన చెట్టులా వెనక్కి వెళ్లి ముందుకి వస్తుంది, దెబ్బలో సగం ఆ ఊగడంలోనే పోతుంది. బెంచ్ మీద ముందుకి వాలి, మోచేతులు ఆన్చి కూర్చుంటే ఊగడానికి జాగా లేదు, పైగా కాలర్ బోన్ ముందుకి పొడుచుకొస్తుంది, దెబ్బ ఎముక మీద పడుతుంది. పడుకుని కాల్చడం ఇంకా ఘోరం. అందుకే బెంచ్ మీద వీలైనంత నిటారుగా కూర్చో, ముందు ఆన్చే రెస్ట్ ఎత్తు పెంచి రైఫిల్‌ని నీ దగ్గరికి తెచ్చుకో, నువ్వు దాని దగ్గరికి వంగకు. జీరో చూసుకోడానికి, అంటే గురి పెట్టిన చోటే తగిలేట్టు సరిచేసుకోడానికి, ఎన్ని కావాలో అన్నే బెంచ్ మీద, మిగతావి నిలబడి. కొంతమంది రైఫిల్‌ని బరువైన స్టాండ్‌లో బిగించి సీసం సంచులు పెట్టి కాలుస్తారు, భుజానికి సుఖమే గానీ గన్‌కి కదిలే దారి లేక చెక్క స్టాక్‌లు పగిలిన సందర్భాలున్నాయి, ముచ్చటైన చెక్క ఉంటే ఆ జోలికి పోవద్దు. స్కోప్ ఉంటే కంటికీ దానికీ మధ్య 8 నుంచి 10 సెంటీమీటర్లు ఉండేట్టు చూసుకో, స్పష్టంగా కనబడట్లేదని ముందుకి పాకినవాళ్లందరి కనుబొమ్మ మీద సగం చందమామ ఆకారంలో గాటు ఉంటుంది, నాకూ ఉంది.

మజిల్ బ్రేక్, అదే బ్యారెల్ కొసకి బిగించే చిల్లుల ముక్క, దాని గురించి అడుగుతావేమో, ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. రైఫిల్‌లో పేలుడు మందు ఎక్కువ, ఆ థర్టీ ఆట్ సిక్స్ రీకాయిల్‌లో, అంటే వెనక్కి తన్నే తన్నులో, మూడో వంతుకి పైగా బుల్లెట్ వల్ల కాదు, వెనకాలే తన్నుకొచ్చే గ్యాస్ వల్ల, బ్రేక్ ఆ గ్యాస్‌ని పక్కలకి తిప్పుతుంది కాబట్టి తేడా బాగా తెలుస్తుంది. షాట్‌గన్‌లో మందు ఒకటి ఒకటిన్నర గ్రాము, అక్కడ బ్యారెల్‌కి చిల్లులు పొడిపించుకోవడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, డబ్బులు దండగ. రైఫిల్‌కైనా నీకు ఇప్పుడు వద్దంటా, ఎందుకంటే అది శబ్దాన్ని కూడా నీ వైపు, పక్క లేన్ వాళ్ల వైపు తిప్పుతుంది, నీ అసలు జబ్బుకి సగం కారణం శబ్దమే.

అవును, శబ్దమే. 140 డెసిబెల్స్ దాటిన ఒక్క చప్పుడు చాలు చెవికి శాశ్వతంగా నష్టం జరగడానికి, ఈ గన్‌లన్నీ దాని పైనే. చెవి ఆ పేలుడునీ భుజానికి తగిలిన దెబ్బనీ విడదీసి చెప్పదు, మెదడు రెండూ కలిపి ఒకే పెద్ద దెబ్బగా రాసుకుంటుంది. చెవిలో ఫోమ్ ప్లగ్‌లు పూర్తిగా లోపలికి దూర్చి దాని పైన మఫ్‌లు పెట్టుకుని కాల్చి చూడు, రెండూ కలిపి. నువ్వే అంటావు గన్ ఏమైనా మార్చారా అని. రేంజ్‌లో పైకప్పు కింద, గోడల మధ్య కాల్చేవాళ్లకి ఇది మరీ అవసరం.

ఇక కళ్లు మూసుకుపోవడం, దీన్నే ఫ్లించ్ అంటారు. నా సంగతి చెప్తానన్నా కదా. కుర్రతనంలో మందపాటి లోడ్లు కాల్చడం గొప్ప అనుకునేవాణ్ణి, నల్లబడిన భుజం చూపించుకుని తిరిగేవాణ్ణి కూడా. మెల్లగా స్కోర్లు పడిపోయాయి, గన్‌ని తిట్టాను, బ్యారెల్ కొసని బిగువు చేసే చోక్‌ని తిట్టాను, కళ్లద్దాలు మార్చాను. ఒకరోజు నాకు నేర్పిన పెద్దాయన గన్ ఇటివ్వు నేను లోడ్ చేస్తా అని తీసుకుని, నాకు చెప్పకుండా డమ్మీ కార్ట్రిడ్జ్ పెట్టి ఇచ్చాడు. ట్రిగ్గర్ నొక్కాను, టక్ మంది, బ్యారెల్ మాత్రం గేలానికి చేప పడ్డప్పుడు కర్ర వంగినట్టు జానెడు కిందకి పోయింది, నా కాలు ఒక అడుగు ముందుకి పడింది. రేంజ్ మొత్తం నవ్వింది. ఆయన నవ్వలేదు. బుల్లెట్ బ్యారెల్ దాటి పోయేలోపు గన్ వెనక్కి కదిలేది రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదురా, దానికి పట్టే టైమ్ సెకనులో వెయ్యో వంతు, నీకు తగిలే గుద్దంతా అది పోయాకే, పోయినదాన్ని నువ్వు పాడుచేయలేవు, పోకముందే పాడుచేస్తున్నావు అన్నాడు. రైఫిల్ గురించి చెప్పాడు ఆ మాట, షాట్‌గన్‌లో టైమ్ ఇంకొంచెం ఎక్కువ, విషయం మాత్రం అదే. మనిషి దేనికైనా ఉలిక్కిపడటానికి సెకనులో వెయ్యో వంతు చాలదు, అంతకి ఎన్నో రెట్లు కావాలి, కాబట్టి రీకాయిల్‌కి ఉలిక్కిపడి ఎవరూ మిస్ అవ్వరు, రాబోతోందని ముందే ఉలిక్కిపడి మిస్ అవుతారు.

నీకు కూడా అదే మందు. నమ్మకమున్న మనిషి ఒకరు పక్కన ఉండి, నువ్వు చూడకుండా ఒకసారి నిజమైంది ఒకసారి డమ్మీ, వరస లేకుండా పెట్టి ఇవ్వాలి, డమ్మీ అయినా ప్రతిసారీ నిండు గన్‌లాగే రేంజ్ వైపే పట్టుకోవాలి. మొదట్లో బ్యారెల్ దూకుతుంది, సిగ్గేస్తుంది, పర్లేదు. డమ్మీ మీద కదలకుండా పది వచ్చేదాకా నిజమైనవి తక్కువ, డమ్మీలు ఎక్కువ. ఇంట్లో చెయ్యాలంటే అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు, స్నాప్ క్యాప్ అనే ఉత్తి తూటా పెట్టి చెయ్యి, పాయింట్ టూ టూ అనే చిన్న రైఫిల్‌ని మాత్రం ఖాళీగా క్లిక్ చెయ్యకు, ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుకి తగిలి పాడవుతుంది. అన్నట్టు ట్రాప్ షూటర్లలో ఏళ్ల తరబడి కాల్చి ఫ్లించ్ ముదిరిపోయినవాళ్లు కొందరు రిలీజ్ ట్రిగ్గర్ అని పెట్టించుకుంటారు, నొక్కితే కాదు వదిలితే పేలుతుంది, మెదడుని అలా మోసం చేస్తారన్నమాట. అంత దూరం నువ్వు పోవద్దనే ఇంత ఉత్తరం.

రైఫిల్ నేర్చుకోవడం మాత్రం కొన్నాళ్లు టూ టూ మీదే చెయ్యి. దాని రీకాయిల్ అర జౌల్ కూడా ఉండదు, ట్రిగ్గర్, ఊపిరి, షాట్ తర్వాత కన్ను తెరిచి ఉంచడం అన్నీ దాంట్లోనే వస్తాయి. టూ టూ పిల్లల ఆట అని నవ్వేవాళ్లుంటారు, వాళ్ల టార్గెట్ పేపర్ ఒకసారి అడిగి చూడు. తర్వాత పెద్ద రైఫిల్ పట్టినా రోజుకి అయిదు, పది, అంతే, వాటి మధ్యలో మళ్లీ టూ టూ. నొప్పి మొదలయ్యాక కాల్చే ప్రతి రౌండూ ఫ్లించ్‌కి ట్యూషన్ చెప్పినట్టే, ఆ బాక్స్‌లో ఇంకా ఎన్ని మిగిలున్నా సరే ఆపెయ్.

ఇంకో ముక్క, నీకు కాకపోయినా ఇది చదివే పెద్దవాళ్లకి, పేస్‌మేకర్ ఉన్నా, కంటి రెటీనాకి ఆపరేషన్ అయినా, భుజానికి సర్జరీ అయినా డాక్టర్‌ని అడక్కుండా షోల్డర్ గన్ పట్టొద్దు. నీకు కూడా ఆ జబ్బ నలుపు రెండు వారాలకీ తగ్గకపోయినా, చెయ్యి పైకెత్తితే నొప్పొచ్చినా, వేళ్లు తిమ్మిరెక్కినా ముందు చూపించుకో, గన్ సంగతి తర్వాత.

ఇప్పుడైతే ఆ మచ్చ పూర్తిగా పసుపు రంగుకి తిరిగి పోయేదాకా గన్ కాల్చకు, ఖాళీ గన్ ఎత్తి దించడం మాత్రం రోజూ అద్దం ముందు ఇరవైసార్లు చెయ్యి. ఈలోపు టేప్ తీసుకుని ట్రిగ్గర్ నుంచి బట్ మధ్య దాకా ఎన్ని సెంటీమీటర్లో, గన్ మొత్తం ఎన్ని కిలోలో, నీ ముక్కుకీ బొటనవేలికీ మధ్య ఎన్ని వేళ్లో కొలిచి రాయి, చెక్క కొయ్యాలో ప్యాడ్ మారిస్తే సరిపోతుందో అప్పుడు చెప్తా. బాబాయికి ఇప్పుడే ఏం చెప్పకు, రంపం మాట వింటే కంగారుపడతాడు.